చిన్న సర్వో మోటార్లు - కొనునపుడు పాటింపవలసిన మెలకువలు

శంషాబాదు విమానాశ్రయమునుండి 2008వ సంవత్సరము మార్చి 23వ తేదీన ప్రయాణికుల విమానములు నడువ నారంభించినవి. ఆ తరువాత పుట్టిన మన బిడ్డలకు విమానపు ధ్వని కోడికూతవలె నిత్యపరిచయమైనది. విమానము క్రిందికి దిగునపుడు దాని రెక్కల వెనుక అంచున రేకులు కదలుటను పాల్మాకుల, ముచ్చింతల వంటి గ్రామముల పిల్లలు నేలనుండియే చూచుచుందురు. ఎంత కదలుమనిన అంతయే కదలి, అక్కడనే గాలి ఒత్తిడికి లొంగక నిలుచుట ఆ రేకుల పని. అదే పనిని అరచేతిలో ఇమిడిపోవు ప్రమాణమున చేయు యంత్రమే చిన్న సర్వో మోటారు. బడిపిల్లలు తయారుచేయు మరచేతికి, దారి కాచు గేటుకు, మొక్కకు నీరు వదలు కవాటమునకు ఇదియే కీలు.

ఈ సంగతి పంచాయతీ సభ్యులకేల యని కొందరు అడుగవచ్చును. నీతి ఆయోగ్ ఆధ్వర్యమున 2016లో ఆరంభమైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ క్రింద దేశమున 10,000కు పైగా పాఠశాలలలో టింకరింగ్ ప్రయోగశాలలు నెలకొన్నవి. 6వ తరగతి మొదలు 12వ తరగతివరకు చదువు పిల్లలకై ఒక్కొక్క పాఠశాలకు 20 లక్షల రూపాయలవరకు సహాయము లభించు పథకమిది. ప్రభుత్వ పాఠశాలలలో మరి 50,000 ప్రయోగశాలలను 5 ఏండ్లలో నెలకొల్పుదుమని 2025-26 కేంద్ర బడ్జెట్టులో ప్రకటించిరి. ఇట్టి ప్రయోగశాల మీ ఊరి బడికి వచ్చినను, ఏ దాతయో ఒక సామాను పెట్టె ఇచ్చినను, కొనుగోలు పట్టీని చూచి నాలుగు ప్రశ్నలు వేయగల పెద్దలలో మీరుందురు. మోటారు చిన్నదే, వెలయు చిన్నదే. కాని ప్రదర్శననాడు అది మొరాయించినచో, ఎనిమిదవ తరగతి బాలిక మోటారును తప్పుపట్టదు. లెక్క తనకు రాలేదనుకొనును. నష్టము అక్కడ జరుగుచున్నది.

సర్వో అను మాటకు లాటిను భాషలో సేవకుడని అర్థమిచ్చు పదము మూలము. ఫ్రాన్సు దేశపు ఇంజనీరు ఫార్కో ఆవిరి బలముతో ఓడ చుక్కానిని త్రిప్పు యంత్రమును రూపొందించి, 1873లో ప్రకటించిన గ్రంథమున దానికి సర్వో మోటారను పేరు వాడెను. మామూలు మోటారు గానుగెద్దు వంటిది. కరెంటు ఉన్నంతసేపు తిరుగుచునే యుండును. సర్వో మోటారు నమ్మకమైన పాలేరు వంటిది. ఫలానా గట్టుదాక పొమ్మనిన అంతవరకే పోయి నిలుచును. దాని పొట్టలో ఒక చిన్న మోటారు, పళ్లచక్రముల వరుస, రేడియోలో ధ్వని హెచ్చించు మీటవంటి ఒక సాధనము, ఒక చిన్న విద్యుత్ పలక ఉండును. ఇరుసు ఎంత తిరిగినదో ఆ మీట తెలుపును. రావలసిన చోటికి, ఉన్న చోటికి గల తేడాను పలక గమనించి, తేడా తీరువరకు మోటారును నడపును.

ఆజ్ఞ సెకండునకు సుమారు 50 మారులు చిన్న విద్యుత్ తాకిడి రూపమున వచ్చును. ఆ తాకిడి ఒకటిన్నర మిల్లీసెకండ్లు ఉన్న ఇరుసు నడుమ నిలుచును; 1 మిల్లీసెకండు ఉన్న ఒక ప్రక్కకు, 2 ఉన్న మరియొక ప్రక్కకు పోవును. చవక మోటార్లలో ఈ కొలతలు ఒకదానికొకటి సరిగా కలియవు. హద్దు దాటి త్రోసినచో ఇరుసు లోపలి అడ్డుకు తగిలి, మోటారు గుర్రుమనుచు వేడెక్కి చెడిపోవును.

ఇక ఎన్నిక విషయము. అంగడిలో తరచుగా కనబడునది ఎస్‌జి 90 అను నీలిరంగు మోటారు. బరువు 9 గ్రాములు, పళ్లచక్రములు ప్లాస్టిక్కువి, వెల నూరు రూపాయలకు అటునిటు. 4.8 వోల్టుల వద్ద దీని బలము 1.8 కిలోగ్రాము-సెంటీమీటర్లని తయారీదారులు వ్రాయుదురు. ఈ అంకెను చూచి 1.8 కిలోల బరువెత్తునని భ్రమపడరాదు. ఏతాము ఎరిగినవారికి దీని అర్థము వెంటనే తెలియును. ఇరుసునుండి 1 సెంటీమీటరు దూరమున 1.8 కిలోలు, 10 సెంటీమీటర్ల దూరమున 180 గ్రాములు మాత్రమే. అదియు మోటారు ఊపిరి బిగబట్టి నిలుపగల గరిష్ఠ భారము, నిత్యము మోయునది కాదు.

ఒక ఉదాహరణ చూతము. 12 సెంటీమీటర్ల చేయి. దాని కొసన 50 గ్రాముల వస్తువు. 12ను 50తో హెచ్చించిన 600, అనగా 0.6 కిలోగ్రాము-సెంటీమీటర్లు. చేతి సొంత బరువు 40 గ్రాములు నడుమన, 6 సెంటీమీటర్ల వద్ద, ఉన్నదనుకొనిన మరి 0.24 చేరును. మొత్తము 0.84. మోటారు పై వ్రాసిన బలములో మూడవ వంతునకు మించి పని చెప్పరాదని మేము సలహా ఇత్తుము. ఆ లెక్కన ఈ చేతికి 2.5 బలము కావలెను, 1.8 గలది చాలదు. చేతిని 7 సెంటీమీటర్లకు కుదించి తేలికచేసినచో అదే చవక మోటారు సుఖముగా పనిచేయును. డబ్బు పెట్టుటకు ముందు చేయి కుదించి చూడుమని పిల్లలకు చెప్పవలెను.

పెద్ద మోటారు కొనిన చిక్కే లేదు గదా యని కొందరి వాదము. ఎమ్‌జి 996 ఆర్ అనునది 9 కిలోగ్రాము-సెంటీమీటర్లకు పైగా బలము గలది, నిజమే. కాని దాని బరువు 55 గ్రాములు. మోచేతి కీలులో దానిని బిగించిన, భుజపు మోటారు ముందుగా దానినే మోయవలసి వచ్చును. భుజమునకు పెద్దది, వ్రేళ్లకు చిన్నది యను ధర్మము యంత్రములకును వర్తించును.

లోహపు పళ్లు గల ఎమ్‌జి 90 ఎస్ సుమారు 13 గ్రాములుండును. వెల కొంత ఎక్కువ. పిల్లలు చేతితో ఇరుసును బలవంతముగా త్రిప్పినపుడు ప్లాస్టిక్కు పళ్లు విరుగును, లోహపు పళ్లు ఓర్చుకొనును. అయినను చిన్న తరగతులకు చవకవే ఎక్కువ కొని, బరువెత్తు కీళ్లకు మాత్రము లోహపువి వాడుట మేలని మా అభిప్రాయము.

మోటారు చెడ్డదని పారవేసిన అనేక సందర్భములలో అసలు దోషము కరెంటుది. బోరుబావి మోటారు వోల్టేజి పడిపోయినపుడు తిరుగలేక గుర్రుమనుట, చూచుచుండగనే చుట్ట కాలిపోవుట మీకందరకు అనుభవమే. చిన్న సర్వో కథయు అంతియే. భారమునకు చిక్కి ఆగిపోయినపుడు అది మామూలుకంటె ఎన్నో రెట్లు కరెంటు లాగును. ఎస్‌జి 90 ఒక్కటే అర ఆంపియరునకు పైగా లాగవచ్చును. కంప్యూటరు యొక్క సాధారణ యు.ఎస్.బి. రంధ్రము ఇచ్చునదే అర ఆంపియరు. నాలుగు మోటార్లను ఆర్డ్యునో బోర్డునుండియే నడుపబోయిన, అన్నియు ఒకేసారి కదలగనే బోర్డు సొమ్మసిల్లి మరల మొదటినుండి ఆరంభించును. పిల్లలు ప్రోగ్రాములో తప్పు వెదకుచు కూర్చుందురు.

మార్గము సులభము. మోటార్లకు వేరుగా 5 వోల్టుల సరఫరా, ఒక్కింటికి 1 ఆంపియరు చొప్పున, ఏర్పాటు చేయవలెను. ఎర్ర తీగ ధనము. గోధుమ లేక నల్ల తీగ ఋణము. నారింజ, పసుపు లేక తెల్ల తీగ ఆజ్ఞ తెచ్చునది. బోర్డు యొక్క ఋణ తీగను, మోటార్ల సరఫరా యొక్క ఋణ తీగను ఒకటిగా కలుపుట మరువరాదు. కలుపనిచో ఆజ్ఞ అర్థముగాక మోటారు వణకుచుండును. చదరపు 9 వోల్టుల బ్యాటరీని మాత్రము దరిజేర నీయకుడు. వోల్టులు ఎక్కువ, శక్తి తక్కువ, రెండువిధముల చెరుపు.

కొనుగోలునకు శంషాబాదువారు హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీకి పోవచ్చును. అచ్చట ఎలక్ట్రానిక్ విడిభాగముల అంగళ్లు వరుసగా నున్నవి. ఒకే పేరు ముద్రించుకొని పలువురు తయారుచేసిన సరకు అంగళ్లలో ఉండుటచేత పైనున్న చీటీ సాక్ష్యము కానేరదు. ముందు రెండు మూడు నమూనాలు మాత్రము తెచ్చి బడిలో పరీక్షింపుడు. నడుమ నిలిపినపుడు వణకక నిలుచుచున్నదా? కాగితముపై పెన్సిలు గీత గీచి పదిమారులు అటునిటు త్రిప్పిన పిమ్మట ముల్లు ఆ గీతకే వచ్చుచున్నదా? 10 సెంటీమీటర్ల పుల్ల కొసన అంగడివాని 50 గ్రాముల తూనికరాయి కట్టి ఎత్తించి చూడుడు. పావుగంట నడిపి తాకి చూడుడు. గోరువెచ్చన సహజము, చేయి పెట్టలేని వేడి పనికిరాదు. నెగ్గిన రకమునే, అదే అంగడిలో, బిల్లుతో మొత్తముగా కొనవలెను. నమూనా నిర్మాణమునకు పెద్ద యంత్రములు చూడగోరువారికి రాయదుర్గమున 2023 మార్చిలో ఆరంభమైన టి-వర్క్స్ కేంద్రమున్నది.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన జాగ్రత్త యొకటి కలదు. ఈ మోటార్లతోనే పిల్లలు చిన్న విమానముల రెక్కలను కదిలింప ముచ్చటపడుదురు. 2021 డ్రోన్ నియమములనుబట్టి విమానాశ్రయపు సరిహద్దునుండి 8 కిలోమీటర్లలోపల అనుమతి లేక ఏ ఎత్తునను ఎగురవేయరాదు. 8 నుండి 12 కిలోమీటర్ల నడుమ 200 అడుగులు మించరాదు. డిజిటల్ స్కై పటమును చూడక ఏ ఉపాధ్యాయుడును ఒప్పుకొనరాదు. శంషాబాదు చెంతనున్న బడులు నేలపై నడచు యంత్రములతో సరిపెట్టుకొనుట మంచిది.

పది మోటార్లు కొనినచో రెండు అదనముగా ఉంచుడు. ఇరుసు కొసనుండు పళ్ల లెక్క ఒక్కొక్క తయారీదారునిది ఒక్కొక్క విధముగా నుండుటచేత, ఒక దాని చేయి మరియొక దానికి పట్టకపోవచ్చును. కావున చేతులను, మరలను వాని మోటార్లతోనే ఒక పొట్లములో కట్టి పేరు వ్రాయింపుడు. పళ్లు విరిగిన మోటారును పారవేయనీయకుడు. నాలుగు మరలు విప్పిన దాని లోపలి చక్రములు, మీట, పలక అన్నియు కనబడును. కొత్తగా చేరిన తరగతికి మొదటి పాఠము దానితోనే చెప్పవచ్చును.