ఫోన్‌లో 1600 మీటర్లు, గ్రౌండ్‌లో ఎంత?

పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ పడుతుందన్న మాట వినిపిస్తే చాలు, జనగామ ధర్మకంచ, మానుకోట ఎన్టీఆర్ స్టేడియం, భూపాలపల్లి అంబేద్కర్ స్టేడియం తెల్లారకముందే నిండిపోతాయి. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు ప్రాక్టీస్ చేసేవాళ్లు, ఆర్మీ ర్యాలీకి తయారయ్యేవాళ్లు, షుగర్ వచ్చిందని డాక్టర్ నడవమన్న పెద్దవాళ్లు, సింగరేణిలో నైట్ షిఫ్ట్ దిగి అటునుంచి అటే వచ్చేవాళ్లు. చాలామంది జేబులో ఫోన్, అందులో ఏదో ఒక రన్నింగ్ యాప్. వీళ్లలోనే బీటెక్ చదివి, కాస్త కోడింగ్ వచ్చి, ‘ఈ యాప్‌లేవీ మనకు పనికిరావు, నేనే ఒకటి చేస్తా’ అని మొదలుపెట్టేవాళ్లూ ఉంటారు. కొన్ని నెలలు రాత్రిళ్లు దాని మీదే కూర్చుంటారు. ఆ తర్వాత అది ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్‌గా మిగిలిపోతుంది.

అలా ఆగిపోయిన యాప్ గురించి ఇంట్లోవాళ్లు టైమ్ దండగ అంటారు. ఇంకాస్త డబ్బు పెడితే హిట్టయ్యేదని దోస్తులు అంటారు. ఆ ప్రాజెక్టు ఎక్కడెక్కడ తడబడిందో ఓపిగ్గా చూస్తే మాత్రం, పరుగు గురించి, ఫోన్ గురించి మనలో పాతుకుపోయిన తప్పుడు నమ్మకాలు ఒక్కొక్కటే బయటపడతాయి. వాటిలో ఒకటి ఏకంగా ఉద్యోగాన్నే పోగొడుతుంది. ముందు దాని సంగతే చూద్దాం.

అపోహ: ఫోన్ 1600 మీటర్లు చూపించిందంటే 1600 మీటర్లు పరుగెత్తినట్టే.

వాస్తవం: తెలంగాణ పోలీసు నియామక మండలి 2022 నోటిఫికేషన్ల ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. అక్కడ టైమ్ లెక్కపెట్టేది చేతి గడియారం కాదు, అభ్యర్థికి కట్టే ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్. ఒక్క సెకను దాటినా బతిమాలుకునే వీలుండదు.

ఫోన్‌లోని జీపీఎస్ దూరాన్ని నేరుగా కొలవదు. కొద్ది క్షణాలకోసారి మనం ఎక్కడున్నామో అంచనా వేసి, ఆ చుక్కలను కలుపుకుంటూ పోతుంది. పైన ఆకాశం ఖాళీగా ఉన్నప్పుడు కూడా మామూలు ఫోన్ అంచనా దాదాపు 5 మీటర్ల వరకు అటూ ఇటూ ఉంటుంది. చెట్ల కింద, స్టేడియం గోడ పక్కన ఇంకా తేడా వస్తుంది. మనం తిన్నగా పరుగెత్తినా చుక్కలు వంకరటింకరగా పడితే దూరం ఎక్కువ చూపిస్తుంది. 200 మీటర్ల బడి గ్రౌండ్‌లో మలుపు తిరిగేటప్పుడు చుక్కలు తక్కువ పడితే మలుపును కోసేసి దూరం తక్కువ చూపిస్తుంది. ఏ రోజు ఎటు తప్పుతుందో ముందే చెప్పలేం.

ఒక లెక్క వేద్దాం. ఫోన్ దూరాన్ని 3 శాతం ఎక్కువ చూపించిందనుకోండి. తెరమీద 1600 పడేసరికి కుర్రాడు నిజంగా పరుగెత్తింది సుమారు 1553 మీటర్లే. అప్పటికి 7 నిమిషాల 5 సెకన్లు అయింది. పది సెకన్లు మిగిలాయని సంబరపడతాడు. అదే వేగంతో మిగతా 47 మీటర్లు పూర్తిచేయడానికి ఇంకో 13 సెకన్లు పడుతుంది. అంటే అసలు టైమ్ 7 నిమిషాల 18 సెకన్లు. మూడు సెకన్లతో ఫెయిల్. నెలల తరబడి ‘నాకు వచ్చేసింది’ అనుకుంటూ ఈవెంట్స్‌కు పోయి, అసలు గీత దగ్గర ఓడిపోవడం కంటే దుఃఖం ఏముంటుంది?

ట్రాక్ మీద కూడా ఒక మెలిక ఉంది. 400 మీటర్ల ట్రాక్‌లో మొదటి లేన్ మాత్రమే 400 మీటర్లు. రెండో లేన్‌లో అదే రౌండ్ సుమారు 7 మీటర్లు ఎక్కువ. నాలుగు రౌండ్లూ రెండో లేన్‌లోనే తిరిగితే 28 మీటర్లు అదనం, అంటే ఏడెనిమిది సెకన్లు. గుంపులో పరుగెత్తేటప్పుడు మలుపులో బయటినుంచి దాటబోయే ప్రతిసారీ ఈ జరిమానా కొంత పడుతుంది. దాటాలనుకుంటే తిన్నగా ఉన్నచోట దాటాలి. ఈ మాట ఏ యాప్ చెప్పదు, అనుభవమున్న పీఈటీ సార్ చెబుతాడు.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఇదే: స్టీల్ టేపుతో గ్రౌండ్‌ను ఒకసారి కొలిచి సున్నంతో గీత గీయండి. వీలైతే పరీక్షకు ముందు రెండు మూడుసార్లు హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలోని సింథటిక్ ట్రాక్ మీద టైమ్ చూసుకోండి. 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగింది అక్కడే. కొలత నిక్కచ్చిగా ఉన్నచోట వచ్చిన టైమే మీ టైమ్.

అపోహ: పరుగు వచ్చు, కోడింగ్ వచ్చు. ఇంకేముంది, యాప్ వచ్చేసినట్టే.

వాస్తవం: కోడ్ రాయడం ఇందులో చిన్న భాగం. రన్నింగ్ యాప్ తెర ఆరిపోయాక కూడా పనిచేయాలి, ఎందుకంటే పరుగెత్తేవాడు ఫోన్ జేబులో పెట్టుకుంటాడు. కానీ 2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చినప్పటి నుంచి, వాడని ఫోన్‌ను నిద్రపుచ్చి బ్యాటరీ మిగిల్చే ఏర్పాటు ఉంది. 2019 నాటి ఆండ్రాయిడ్ 10తో, తెర వెనక లొకేషన్ చూడటానికి విడిగా అనుమతి అడగాల్సి వచ్చింది. దీనికి తోడు, కొన్ని ఫోన్ కంపెనీలు బ్యాటరీ పేరుతో వెనక నడిచే యాప్‌లను తామే ఆపేస్తాయి. ఫలితం? రెండో రౌండ్‌లో యాప్ ఆగిపోయి, ఫోన్ మళ్లీ తెరిచినప్పుడు లేస్తుంది. మ్యాప్‌లో గ్రౌండ్ మధ్యలోంచి ఒక అడ్డగీత. చేసినవాడి ఫోన్‌లో బాగానే నడిచిన యాప్, పక్కవాడి తక్కువ ధర ఫోన్‌లో ఇలా చచ్చిపోతుంది. మన ఊళ్లలో ఎక్కువమంది చేతుల్లో ఉండేది ఆ తక్కువ ధర ఫోనే.

ప్లే స్టోర్‌లో పెట్టడం ఇంకో మజిలీ. ఖాతాకు ఒకసారి 25 డాలర్లు కడితే సరిపోయేది. 2023 నవంబరు 13 తర్వాత వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు యాప్‌ను అందరికీ విడుదల చేయాలంటే ముందుగా కొంతమందితో వరుసగా 14 రోజులు పరీక్షింపజేయాలి. మొదట 20 మంది అన్నారు, తర్వాత 12కు తగ్గించారు. ఆపిల్ అయితే ఏటా 99 డాలర్లు. ఇవన్నీ దాటినా, ఏటా కొత్త ఆండ్రాయిడ్‌కు తగ్గట్టు సరిచేస్తూ ఉండకపోతే కొత్త ఫోన్లవాళ్లకు ఆ యాప్ కనిపించకుండా పోతుంది. ఒక్కడే, ఉద్యోగ ప్రయత్నంలో ఉంటూ, సాయంత్రం ప్రాక్టీస్ మానకుండా ఇదంతా మోయడం కష్టం. వదిలేసినవాణ్ని బద్ధకస్తుడు అనడం అన్యాయం.

మరి ఏం చేస్తే నిలిచేది? నా ఉద్దేశంలో జీపీఎస్ జోలికే పోని చిన్న పనిముట్టు. 1600 మీటర్లంటే 200 మీటర్ల గ్రౌండ్‌లో ఎనిమిది రౌండ్లు. రౌండ్‌కు 54 సెకన్ల చొప్పున పరుగెత్తితే 7 నిమిషాల 12 సెకన్లకు గీత దాటతాం. 54 సెకన్లకోసారి బీప్ కొట్టి, ఎన్నో రౌండో చెబితే చాలు. నెట్ అక్కర్లేదు, మ్యాప్ అక్కర్లేదు, సర్వర్ అక్కర్లేదు. బీప్ వచ్చేసరికి గీత దగ్గర లేకపోతే వెనకబడ్డామని ఆ క్షణమే తెలుస్తుంది.

అపోహ: రోజుకు 10,000 అడుగులు, 21 రోజులకు అలవాటు. ఇవి సైన్సు తేల్చిన లెక్కలు.

వాస్తవం: యాప్ చేసే ప్రతివాడూ ఈ రెండు అంకెలనూ ఆలోచించకుండా ఎత్తి రాసుకుంటాడు. 10,000 అన్నది 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల లెక్క పరికరం పేరు నుంచి పుట్టింది. అది ప్రచారం, పరిశోధన కాదు. 2019లో సగటు వయసు 72 ఏళ్లున్న 16 వేల పైచిలుకు మహిళల మీద అమెరికాలో వచ్చిన అధ్యయనంలో, రోజుకు 4,400 అడుగులు నడిచేవాళ్లలోనే మరణాల రేటు బాగా తగ్గి కనిపించింది. 7,500 దగ్గర ఆ తగ్గుదల ఆగింది. మోకాళ్ల నొప్పితో నడిచే అమ్మ 10,000 దాటలేదని బాధపడాల్సిన పనిలేదు.

21 రోజుల మాట 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ రాసిన పుస్తకం నుంచి వ్యాపించింది. లండన్‌లో 96 మందిని గమనించిన పరిశోధనలో అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254. మధ్యలో ఒకరోజు తప్పినా కొంప మునగలేదని కూడా వాళ్లు గమనించారు.

ఈ చివరి విషయం గనులున్న భూపాలపల్లికి చాలా ముఖ్యం. యాప్‌కు రోజు అర్ధరాత్రితో ముగుస్తుంది. గనిలో నైట్ షిఫ్ట్ చేసేవాడి రోజు అలా ముగియదు. షిఫ్టు మారిన వారం ఒకే తేదీలో రెండుసార్లు నడవాల్సి వస్తుంది, ఇంకో తేదీ ఖాళీగా పోతుంది. ‘మీ వరుస తెగిపోయింది’ అని యాప్ చెప్పగానే నిజంగానే చేతకాలేదనుకుని మానేసేవాళ్లుంటారు. వరుస లెక్కపెట్టక తప్పదనుకుంటే వారానికి లెక్కపెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల వ్యాయామం అనే చెబుతోంది, రోజుకు ఇంత అని కాదు.

అపోహ: వాచ్ 400 కేలరీలు ఖర్చయ్యాయంది కాబట్టి అంత తినొచ్చు.

వాస్తవం: తినకండి. 2017లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు చేతికి కట్టుకునే ఏడు పరికరాలను పరీక్షిస్తే, ఆరు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో చెప్పగలిగాయి. కేలరీల దగ్గర మాత్రం అన్నిటికంటే మేలైనది కూడా సగటున 27 శాతం తప్పింది. అధ్వానమైనది 93 శాతం. అంతకుముందు ఏడాది అమెరికాలో 471 మందిపై రెండేళ్లు సాగిన ప్రయోగం ఫలితం ఇంకా ఆశ్చర్యకరం. పరికరం కట్టుకున్నవాళ్లు సగటున 3.5 కిలోలు తగ్గితే, మామూలు సలహాలతో సాగినవాళ్లు 5.9 కిలోలు తగ్గారు.

అపోహ: మంచి వాచ్, మంచి యాప్ లేకపోతే మనలాంటి ఊళ్ల నుంచి అథ్లెట్ రాడు.

వాస్తవం: మానుకోటకు దగ్గర్లోనే, వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ ఉంది. కూలి కుటుంబంలో పుట్టిన జీవాంజి దీప్తి ఊరు అది. ఆమెలోని వేగాన్ని ముందు పట్టుకున్నది బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి కన్ను. తర్వాత కోచ్ నాగపురి రమేష్ శిక్షణ. 2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్నవారి) విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు, అదే ఏడాది సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం. మన జిల్లాల బడుల్లో ఖాళీగా ఉన్న పీఈటీ పోస్టులు నింపితే జరిగే మేలు ఏ యాప్ వల్లా జరగదు.

అపోహ: నేను ఎక్కడ పరుగెత్తానో నలుగురికీ తెలిస్తే నష్టమేముంది?

వాస్తవం: 2017 నవంబరులో స్ట్రావా యాప్ తన వాడకందారుల పరుగులన్నీ కలిపి ప్రపంచ పటం విడుదల చేసింది. పేర్లు లేవు కదా అనుకున్నారు. మూడు నెలలు తిరగకముందే ఆ పటంలో సిరియా, అఫ్గానిస్తాన్‌లోని సైనిక స్థావరాల దారులు కనబడుతున్నాయని ఆస్ట్రేలియా విద్యార్థి ఒకరు బయటపెట్టాడు. సైన్యానికే అలా అయితే, రోజూ ఐదింటికి ఒంటరిగా ఒకే దారిలో పరుగెత్తే అమ్మాయి మాటేమిటి? ఆమె ఇల్లు ఎక్కడో, ఎన్నింటికి బయల్దేరుతుందో పటంలో తెరిచి పెట్టినట్టే. పరుగు మొదలు, చివర దాచే సెట్టింగ్ చాలా యాప్‌లలో ఉంది. అమ్మాయిలు ముందుగా చేయాల్సిన పని అది. యాప్ చేసేవాళ్లయితే అడగకముందే దాచిపెట్టాలి.

అపోహ: పెద్ద కంపెనీ అయితేనే నిలుస్తుంది. ఒక్కడి ప్రాజెక్టు వృథా.

వాస్తవం: 2004 అక్టోబరు 2న లండన్‌లోని బుషీ పార్క్‌లో, గాయంతో పరుగు ఆగిపోయిన పాల్ సింటన్ హ్యూయిట్ దోస్తుల కోసం ఒక టైమ్ ట్రయల్ పెట్టాడు. 13 మంది పరుగెత్తారు. వరుస సంఖ్య తెలియడానికి హార్డ్‌వేర్ షాపు వాషర్లే టోకెన్లు. అదే ఇప్పుడు అనేక దేశాల్లో శనివారం శనివారం జరిగే పార్క్‌రన్. అసలే పరుగెత్తనివాళ్లను తొమ్మిది వారాల్లో 5 కిలోమీటర్లకు చేర్చే ప్రణాళికను 1996లో జోష్ క్లార్క్ తన తల్లిలాంటి కొత్తవాళ్ల కోసం రాసుకున్నాడు. దానికి యాప్‌లు వచ్చింది ఎన్నో ఏళ్ల తర్వాత. మరోవైపు, 2015లో అండర్ ఆర్మర్ కంపెనీ 8.5 కోట్ల డాలర్లు పోసి కొన్న ఎండోమోండో యాప్ 2020 డిసెంబరు 31న మూతపడింది. ఎండోమోండోకు డబ్బు కొదవ లేదు. పార్క్‌రన్‌కు శనివారం పొద్దున గీత దగ్గర ఎదురుచూసే మనుషులున్నారు.

అపోహ: వదిలేశాం కాబట్టి మన బాధ్యత తీరిపోయింది.

వాస్తవం: తీరలేదు. ఎండోమోండో మూసేటప్పుడు వాడకందారులు తమ పరుగుల రికార్డులు దించుకోవడానికి గడువు ఇచ్చింది. పదిమంది దోస్తులే వాడిన యాప్‌కైనా అదే మర్యాద చెల్లుతుంది. వాళ్ల పరుగుల ఫైళ్లు వాళ్లకు పంపాలి. సర్వర్‌లో ఉన్న లొకేషన్లు, ఫోన్ నంబర్లు చెరిపేయాలి. పని తీరాక వ్యక్తిగత డేటా ఉంచుకోకూడదన్నదే 2023లో మన దేశంలో వచ్చిన డిజిటల్ డేటా రక్షణ చట్టం ఉద్దేశం కూడా. ప్లే స్టోర్‌లో ఉంటే తీసేసి, ఆపేశామని గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాలి. కోడ్‌ను మాత్రం పారేయకుండా అందరికీ తెరిచి పెట్టండి. మానుకోటలోనో పాలకుర్తిలోనో ఇంకొకరు అదే జీపీఎస్ చిక్కుతో ఈ రాత్రి కూర్చుని ఉండొచ్చు.