మీకు తెలుసా? ఫ్యాన్ ఆపినా గాలి ఆగదు

● బెంగళూరులో ఇంతవరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు. తేదీ 1884 జనవరి 13. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడి ఇళ్లలో హీటర్లు అరుదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కోసం గోడకు కొట్టిన కంత మాత్రం దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. డిసెంబరు తెల్లవారుజామున స్నానానికి వెళ్లినవాళ్లను వణికించేది చాలాసార్లు ఆ కంతే.

● లెక్క వేసి చూడండి. ఆరంగుళాల ఫ్యాన్ కంత వైశాల్యం సుమారు 180 చదరపు సెంటీమీటర్లు. సెకనుకు ఒక్క మీటరు వేగంతో, అంటే బట్టల తీగ మీది తువ్వాలు కూడా సరిగా కదలనంత నెమ్మదిగా గాలి దూరినా, గంటకు 60 ఘనపు మీటర్లు దాటుతుంది. 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తున్న బాత్రూమ్‌లో ఉండేదే 10 ఘనపు మీటర్ల గాలి. తలుపు కింద సందు ఉంటే చాలు, పది నిమిషాల్లో గదిలో గాలంతా మారిపోతుంది. వేణ్నీళ్ల వెచ్చదనం ఇక ఎక్కడ నిలుస్తుంది?

● ఈ ఊళ్లో చలిగాలికి రెండు కాలాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి. అందులో జూలై గాలి మరీ జోరు. చలికాలంలో గాలి తూర్పు, ఈశాన్యాలకు తిరుగుతుంది. ఇక్కడే మన వాస్తు వచ్చి కలుస్తుంది. వంటిల్లు ఆగ్నేయంలో, పొయ్యి తూర్పు గోడకు. దాంతో చిమ్నీ పైపు కూడా ఎక్కువ ఇళ్లలో తూర్పు గోడలోంచే బయటికి పోతుంది. జనవరి గాలికి ఎదురుగా నోరు తెరుచుకుని ఉండేది ఆ పైపే. వాస్తు పండితులు దీనికి పరిహారం చెప్పినట్టు లేదు.

● బాత్రూమ్‌లోకి చలిని లాక్కొచ్చేది ఒక్కోసారి వంటింటి చిమ్నీ! దుకాణాల్లో చిమ్నీల మీద గంటకు 1200 ఘనపు మీటర్లని రాసి ఉండటం మామూలే. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటు, పదడుగుల ఎత్తు అనుకుంటే ఇంట్లో గాలంతా కలిపి 283 ఘనపు మీటర్లు. చిమ్నీ నిజంగా అంత లాగితే పావుగంటలో ఇల్లు ఖాళీ. చలికని కిటికీలన్నీ మూసేశాం కదా, బయటికి పోయినదానికి బదులు గాలి ఎక్కణ్నుంచి రావాలి? బాత్రూమ్ కంతలోంచి. అపార్ట్‌మెంట్‌లో ఆ కంత పైపుల డక్ట్‌లోకి తెరుచుకుంటే, చలితోపాటు కింది అంతస్తుల వాసనలు కూడా దయచేస్తాయి. అనుమానముంటే చిమ్నీ వేసి, వెలిగించిన అగరుబత్తిని ఆగి ఉన్న బాత్రూమ్ ఫ్యాన్ దగ్గర పట్టుకోండి. పొగ గదిలోకి వంగితే గాలి లోపలికి వస్తున్నట్టే. అప్పుడు వంటింటి కిటికీ ఒక్కటి బెత్తెడు తెరవండి, పొగ దారి మార్చుకుంటుందేమో చూడండి.

● రాయలసీమ మట్టిమిద్దెల్లో ఈ అక్కర్లేని గాలికి జవాబు ఎప్పుడో ఉంది. వెలుతురు రావడానికి, పొగ పోవడానికి మిద్దె మీద గవాక్షి ఉండేది. వాన మొదలైతే ఎవరో ఒకరు మిద్దెక్కి దాని మీద బండ మూయాల్సిందే. పని ఉన్నప్పుడు తెరవడం, లేనప్పుడు మూయడం: అంతే సూత్రం. ఇప్పుడు ఎక్కి మూసే శ్రమ కూడా లేదు. నాన్ రిటర్న్ ఫ్లాప్ పెట్టిస్తే చాలు. ఫ్యాన్ తోసినప్పుడు రేకు లేస్తుంది, ఆగితే తన బరువుతో పడిపోతుంది. లోపలికి రాబోయే గాలే దాన్ని ఇంకా గట్టిగా మూస్తుంది. పైపు నిటారుగా పైకి పోతే మాత్రం బరువుతో పడే రకాలన్నీ సరిగా పనిచేయవు, స్ప్రింగు రకం అడగండి.

● ఫ్లాప్‌కు అసలు శత్రువు తాలింపు. నూనె ఆవిరి రేకు మీద, దాని ఇరుసు మీద పేరుకుని జిగురవుతుంది. సగం తెరుచుకుని అక్కడే అతుక్కుపోయిన ఫ్లాప్ ఉన్నా లేనట్టే. కరెంటు ఆపి, ఊడదీసి, వేడినీళ్లతో, సబ్బుతో కడగాలి. బాత్రూమ్ వాటికి ఈ బాధ లేదు.

● ఫ్లాప్ పెట్టినా చలి తగ్గలేదంటే పైపు చుట్టూ చూడండి. ఆరంగుళాల పైపు చుట్టూ ఒక్క సెంటీమీటరు సందు వదిలితే 50 చదరపు సెంటీమీటర్లు. పైపు వైశాల్యంలో నాలుగో వంతుకు మించి. బిగించేవాళ్లు అందులో పాత పేపరు కుక్కి వెళ్లిపోతారు. సిలికానో, వైట్ సిమెంటో పట్టించాలి.

● పావురాల భయంతో చిమ్నీ పైపు చివర దోమల జాలీ కట్టకండి. జిడ్డుకు పూడిపోతుంది. పెద్ద కన్నుల జాలీ చాలు.

● మన ఇళ్లకోసం 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నిర్మాణ నియమావళి బెంగళూరును సమశీతోష్ణ మండలంలో చేర్చింది. ఈ మండలంలో గోడలకు, కిటికీలకు పెట్టిన పరిమితి ఎండ వేడి లోపలికి రాకుండా చూడటానికే. పైగా, ఇంటి నేల వైశాల్యంలో కనీసం 12.5 శాతం తెరుచుకునే కిటికీలు, వెంటిలేటర్లు ఉండాలంది. కాబట్టి గాలి రావడం తప్పు కాదు, అక్కర్లేనప్పుడు రావడమే బాధ.

● చివరిది, ముఖ్యమైనది. పాత బనీనో, అట్టముక్కో, థర్మోకోలో కుక్కి ఫ్యాన్ కంతను మూసేసే అలవాటు చాలామందికి ఉంది. బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే ఆ పని ప్రాణం మీదికి తెస్తుంది. గాలి చాలక గ్యాస్ సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానానికి వెళ్లినవాళ్లు ఇలా తిరిగిరాని సంఘటనలు బెంగళూరు పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. అలాంటి గీజర్‌ను బాల్కనీలోకి మార్పించండి. మార్చేదాకా చలైనా సరే, ఆ కంతకు ఫ్లాప్ కూడా పెట్టకండి, తెరిచే ఉంచండి.