రంగు మారిన పండు చెడిపోయినట్లేనా?

గడచిన అక్టోబరులో వికారాబాద్ నుండి తాండూరుకు రైలులో వెళ్తూ, దారిలో పంచుకుందామని ఒక గంప సీతాఫలాలు కొన్నాము. మదర్సాకు చేరేసరికి కుదుపులకు కొన్ని పండ్లు పగిలాయి. పగిలిన చోట తెల్లని గుజ్జు గోధుమ రంగుకు తిరిగింది. “హజ్రత్, ఇవి కుళ్ళిపోయాయి” అంటూ పిల్లలు వాటిని పక్కకు నెట్టారు. మేము వాసన చూసి, ఒక తొన నోట వేసుకున్నాము. తియ్యగానే ఉంది.

మరి ఆ రంగు ఎక్కడిది? పండులోని ప్రతి కణంలో ఫినాలిక్ పదార్థాలు ఒక అరలో, పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము మరొక అరలో వేర్వేరుగా ఉంటాయి. కత్తి కోసినా, దెబ్బ తగిలినా ఆ అరలు చిట్లి రెండూ కలుస్తాయి. గాలిలోని ఆక్సిజన్ తోడు కాగా, రాగి పరమాణువులున్న ఆ ఎంజైము ఫినాలిక్ పదార్థాలను క్వినోన్లుగా మారుస్తుంది. క్వినోన్లు ఒకదానితో ఒకటి అల్లుకుని గోధుమ, నలుపు రంగులనిస్తాయి. ఆపిల్, అరటి, వంకాయ ముక్కలు నల్లబడేదీ ఇలాగే.

ఇది పండుకు పట్టిన రోగం కాదు. గాయమైన చోట సూక్ష్మజీవులు చొరబడకుండా మొక్కకు ప్రసాదించబడిన రక్షణ ఏర్పాటు. మనం కోరి తెచ్చుకునే రంగులలో కూడా దీని పాత్ర ఉంది. తేయాకును నలిపినప్పుడు జరిగే ఈ మార్పు వల్లనే మన చాయ్‌కి ఆ రంగు వస్తుంది. ఎండబెట్టిన ద్రాక్ష గోధుమ రంగు కిస్‌మిస్‌గా మారడంలోనూ దీని ప్రమేయముంది.

ఇఫ్తార్ కోసం ముందుగా పండ్లు కోసే తల్లులు ముక్కలపై నిమ్మరసం చల్లడం మంచిది. దాని పులుపు ఎంజైమును మందగింపజేస్తుంది. అందులోని విటమిన్ సి క్వినోన్లను మళ్ళీ ఫినాలిక్ రూపానికి తెస్తుంది. గాలి సోకకుండా మూతపెట్టి చల్లగా ఉంచినా మేలే. వేడి ఈ ఎంజైమును నశింపజేస్తుంది గాని, సీతాఫలం గుజ్జును వేడి చేస్తే చేదెక్కుతుంది. అందుకే దానిని గడ్డకట్టించి నిల్వ చేస్తారు.

అయితే రంగును చూసి మోసపోకూడదన్నంత మాత్రాన నిజంగా చెడినదానిని తినమని కాదు. పుల్లని కల్లు వాసన, జిగట, బూజు కనిపిస్తే దానిని పారవేయవలసిందే. అవేవీ లేక కేవలం రంగు మారితే, విటమిన్ సి కొంత తగ్గి ఉండవచ్చు గాని, అది తినదగినదే.

క్రింద పడిన ముద్దను సైతం శుభ్రం చేసుకుని తినమని నేర్పిన సంప్రదాయం మనది. పొద్దున్నే గుట్టలెక్కి కాయలు కోసి, గంప నెత్తిన పెట్టుకుని వచ్చిన ఆ తల్లి శ్రమ, కేవలం రంగు కారణంగా చెత్తకుప్ప పాలు కావడం న్యాయమా? ఆనాడు పిల్లలకు ఇదంతా వివరించాము. గంపలో గింజలు, తొక్కలు తప్ప ఏమీ మిగలలేదు.