పిల్లిమాను: కొంత వడ్రంగం, కొంత రసాయనశాస్త్రం

మన పల్లెల్లో పిల్లిని ఎవరూ ప్రత్యేకించి పెంచేవారు కారు. గాదెల చుట్టూ ఎలుకలున్నంతకాలం అదే వచ్చి చేరేది. పాలదుత్త ఉట్టిమీదికి ఎక్కేది. పిల్లి ఎదురైతే వెనక్కు వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు త్రాగి మళ్ళీ బయలుదేరే పెద్దలను మనమందరం చూసినవాళ్ళమే. ఆ పిల్లే ఇక్కడ, అమెరికాలో, జంతు సంరక్షణ కేంద్రాలనుంచి మన పిల్లల చేతుల్లో దర్జాగా ఇంట్లోకి వస్తున్నది. కాని ఇక్కడ దానికి ప్రహరీగోడ లేదు, పెంకుటింటి కప్పు లేదు, చింతచెట్టు లేదు. జీవితమంతా తివాచీ పరచిన నాలుగు గదుల్లో గడపాలి. కొద్ది వారాల్లో సోఫా చేతులు పీలికలవుతాయి.

సోఫా ఖరీదు గుర్తుకు వచ్చినప్పుడు కొన్ని ఇళ్ళలో "గోళ్ళు తీయించేద్దాం" అన్న మాట పుడుతుంది. వినడానికి అదేదో మనం గోళ్ళు కత్తిరించుకోవడం వంటి పనిలా తోస్తుంది. పిల్లి గోరు వేలి చివరి ఎముకనుంచి పెరుగుతుంది. అది మళ్ళీ రాకూడదంటే ఆ ఎముకనే కోసివేయాలి. మనిషికైతే ప్రతి వేలినీ చివరి కణుపు దగ్గర నరకడంతో సమానం. వైద్యకారణం ఉంటే తప్ప బ్రిటన్‌లో ఇది నిషిద్ధం. న్యూయార్క్ రాష్ట్రం 2019లో, మేరీలాండ్ 2022లో నిషేధించాయి. అమెరికాలో అత్యధిక రాష్ట్రాలలో మాత్రం చట్టం అడ్డురాదు, నిర్ణయం ఇంటివారిదే. ఆ నిర్ణయానికి ముందు ఒక శని ఆదివారాల శ్రమను పణంగా పెట్టి చూడమని నా విన్నపం. ఇక్కడివారు క్యాట్ ట్రీ అనే దానిని మనం పిల్లిమాను అందాం. అంగళ్ళలో దొరుకుతుంది. అయినా ఇంట్లోనే కట్టుకోమని ఎందుకంటున్నానో ముందుముందు తెలుస్తుంది.

గీరడం దురలవాటు కాదు. పిల్లి గోరు పొరలు పొరలుగా ఉంటుంది. పాతబడిన పైపొర గీరినప్పుడు తొడుగులా ఊడి, క్రింద వాడిగోరు బయటపడుతుంది. పాదాలలోని గ్రంథులు అక్కడ తన వాసనను అంటిస్తాయి. వెన్నూ భుజాలూ సాగుతాయి. ఇన్ని పనులు ఒకేసారి జరగాలంటే ముంగాళ్ళు చాచి నిలువునా నిలబడే ఎత్తు, అంటే కనీసం 30 అంగుళాలు, కావాలి, లాగినప్పుడు కదలకూడదు, గోరు దిగి సులువుగా ఊడివచ్చే నార కావాలి. సోఫాలో ఈ లక్షణాలన్నీ ఉన్నాయి. చవకరకపు పొట్టి గీకుడు స్తంభాలలో తరచుగా ఒక్కటీ ఉండదు.

ముందు స్థిరత్వం సంగతి. అయిదడుగుల, అంటే 150 సెంటీమీటర్ల మాను, మొత్తం బరువు 20 కిలోలు, అడుగుపీట 60 సెంటీమీటర్ల చదరం అనుకొందాం. పీట మధ్యనుంచి అంచుకు దూరం 30 సెంటీమీటర్లు. 20ని 30తో గుణించి 150తో భాగిస్తే 4 వస్తుంది. అంటే కొసన నాలుగు కిలోల బరువుకు సమానమైన బలంతో అడ్డంగా నెడితే చాలు, మాను ఒరిగిపోతుంది. బాగా ఎదిగిన పిల్లే అయిదు కిలోలుంటుంది. అది కొసనుంచి కిటికీ మీదికి దూకేటప్పటి తోపును ఊహించుకోండి. ఒక్కసారి ఊగిన మానును పిల్లి మళ్ళీ నమ్మదు. కనుక పీటకు ముప్పావు అంగుళం ప్లైవుడ్ పలకలు రెండు కలిపి బరువు పెంచండి; అంతకంటె ముఖ్యంగా, పైభాగాన్ని ఎల్ ఆకారపు ఇనుపపట్టీతో గోడలోని కొయ్యనిట్రాటకు బిగించండి. ఇక్కడి గోడల్లో అవి సాధారణంగా 16 అంగుళాలకొకటి ఉంటాయి. పీట అడుగునుంచి స్తంభంలోకి దించే స్క్రూలు పొడవుగా ఉండాలి; కొయ్య మొదలు చివరల్లో పోగులు నిలువుగా ఉండడంవల్ల స్క్రూకు పట్టు తక్కువ.

ఇక నా వృత్తికి సంబంధించిన భాగం. పిల్లి రోజులో చాలాసార్లు తన్ను తాను నాకుకొంటుంది. పాదానికి అంటినది ఏదైనా సాయంత్రానికి కడుపులో ఉంటుంది. మన కాలేయం ఫినాల్ జాతి పదార్థాలకు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలించి, నీటిలో కరిగేట్లు చేసి, బయటకు పంపివేస్తుంది. ఆ పని చేసే ఎంజైములలో ముఖ్యమైన ఒకదాని జన్యువు పిల్లిజాతిలో చెడిపోయి ఉన్నది. సింహానికీ పులికీ కూడా అంతే. కేవలం మాంసంమీద బ్రతికే జంతువుకు మొక్కల విషాలతో పని తగ్గి, ఆ జన్యువు నిరుపయోగమైపోయి ఉంటుందని శాస్త్రజ్ఞుల ఊహ. ఫలితంగా మనం జ్వరానికి వేసుకొనే పారసెటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదు. మన ఇళ్ళలో నేల కడిగే నల్ల ఫినాయిలు దానికి విషం. కలరా ఉండల నాఫ్తలీన్ కూడా అంతే. పెట్టె అడుగున ఏళ్ళతరబడి దాచిన పాత దుప్పటిని పిల్లి పడకకు వాడే ఆలోచన ఉంటే మానుకోండి.

ఈ దృష్టితో కొయ్యను ఎంచుకోవాలి. అంగడి మానులు చాలావాటి అట్టడుగున ఉండేది రంపపుపొట్టును యూరియా-ఫార్మాల్డిహైడ్ జిగురుతో అదిమి చేసిన బల్ల. ఆ జిగురులోని బంధాలు తేమకూ వేడికీ మెల్లగా తెగి ఫార్మాల్డిహైడ్ వాయువు వెలువడుతుంది. 2010లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం దీనికి పరిమితులు విధించింది. పొట్టుబల్లకు పదిలక్షల వంతులలో 0.09, పైపొర గట్టికలపతో చేసిన ప్లైవుడ్‌కు 0.05. ఆరుబయట వాడకానికి చేసే ప్లైవుడ్‌లో ముదురురంగు ఫినాల్-ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది. ఫినాల్ పేరు చూసి భయపడనక్కరలేదు. అందులో కార్బన్‌కూ కార్బన్‌కూ మధ్య ఏర్పడిన బంధాలను నీరు త్రెంచలేదు కనుక వాయువు అతిస్వల్పం. స్తంభాలకు మామూలు పైన్ లేదా ఫర్ కొయ్య చాలు. పాత డెక్ విప్పిన కొయ్య పెరట్లో పడి ఉన్నదికదా అని తీసుకోకండి. 2003 చివరివరకు ఇళ్ళకు అమ్మిన అటువంటి కొయ్యలో చెదలు పట్టకుండా క్రోమియం, రాగి, ఆర్సెనిక్ సమ్మేళనాలు ఎక్కించేవారు. 1978కి ముందటి ఇళ్ళ చెక్కకు సీసపు రంగు ఉండవచ్చు. నన్నడిగితే కొత్త కొయ్యకు రంగే వద్దంటాను. గరుకు కాగితంతో నునుపు చేస్తే సరిపోతుంది.

జిగురులో తెల్లని పాలలాంటి పాలీవినైల్ ఎసిటేట్ జిగురును మించినది లేదు. నీరు ఆవిరవుతూ ఉంటే అందులోని సూక్ష్మకణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి పొరగా గట్టిపడతాయి. టొలూయిన్, హెక్సేన్ వాసన కొట్టే జిగుళ్ళు వద్దు. నురగలా పొంగే పాలీయురెథేన్ జిగురు మరీ ప్రమాదం. ఆరకముందు మింగితే కడుపులోని తేమకు ఉబ్బి ముద్దగా గట్టిపడుతుంది. పిల్లి ఉన్న గదిలో దాని సీసా మూత తీయకండి.

స్తంభానికి చుట్టే తాడు సైసల్. యుకటాన్ తీరంలోని ఒక రేవుపేరు దీనికి వచ్చింది. మొక్క మనకు కొత్తది కాదు. పొలం గట్లమీదా, రైలుకట్టల వెంటా కంచెగా పెరిగే కిత్తనార దీని దగ్గరి బంధువే. సెల్యులోజ్ పోగులు బిరుసుగా ఉండి గోటికి చక్కగా లొంగుతాయి. కిరోసిన్ వాసన వచ్చే తాడు ఖనిజతైలం పట్టించినది. దానిని వదలి నూనె లేనిది అడగండి. నాలుగు బై నాలుగు అని అమ్మే స్తంభం నిజానికి మూడున్నర అంగుళాల చదరం. మూడు బై ఎనిమిది అంగుళాల తాడుతో 30 అంగుళాల ఎత్తు చుట్టడానికి 80 చుట్లు, అంటే దాదాపు 100 అడుగులు పడుతుంది. 110 అడుగులు కొనండి. తాడును తడిపి చుట్టవద్దు. బావిచేద తాడు గుర్తున్నవారికి తెలుసు, నార తడిస్తే లావెక్కి పొడవు తగ్గుతుంది, ఆరితే సడలుతుంది. పొడిగానే, ప్రతి చుట్టునూ సుత్తితో క్రిందికి తట్టుతూ బిగించండి. కొసలను లోపలికి మడిచి మేకు కొట్టండి. వ్రేలాడే పోగులను పిల్లి మింగితే, దాని నాలుకమీది ముళ్ళు లోపలికే వంగి ఉండడంవల్ల ఉమ్మివేయలేదు; పేగుల్లో చిక్కుకొంటే శస్త్రచికిత్సే గతి.

కొత్త మానువైపు పిల్లి కన్నెత్తి చూడకపోవచ్చు. అప్పుడు క్యాట్‌నిప్ ఆకుపొడి కొంచెం రుద్దాలి. అందులోని నెపెటలాక్టోన్‌కు పెద్ద పిల్లులలో దాదాపు మూడింట రెండువంతులు పరవశిస్తాయి, పసికూనలకు పట్టదు. మన పెరళ్ళలో మొలిచే కుప్పింటాకు వేళ్ళను పెకలించినప్పుడు పిల్లులు వచ్చి పొర్లడం కొందరు చూసే ఉంటారు. ఆ వేళ్ళలో ఉన్నది నెపెటలాక్టోన్‌కు సోదరసమ్మేళనమేనని ఆస్ట్రేలియా రసాయనశాస్త్రజ్ఞులు 2016లో తేల్చారు. అంత చిన్న మొక్కను మా ఇంట గజ్జికి పూతగా తప్ప ఎరుగను.

మానును వాడని గది మూలలో పెట్టకండి. చీలిన సోఫా ప్రక్కనే, వీలైతే కిటికీ కనబడేట్లు నిలపండి. సోఫా చేతిని కొన్ని వారాలు మందపు ప్లాస్టిక్‌తో కప్పండి. పై అరను 16 అంగుళాలకు తగ్గనివ్వకండి. పిల్లులు రెండుంటే పై అరలు కూడా రెండుండాలి. సింహాసనం పంచుకొనే స్వభావం వాటికి లేదు. నెలకొకసారి స్క్రూలు బిగించి చూడండి. తాడు చింకిరిగా కనిపించిందని అతిథులకోసం హడావుడిగా మార్చవద్దు. పిల్లికి అది తన సంతకమున్న ఆస్తి. కొయ్య బయటపడినప్పుడు మాత్రం మార్చండి, అదైనా ఒకసారి ఒక్క స్తంభానికే.