ఎవరూ కొనని బండికే కోట్లు

వనస్థలిపురంలో పెట్టుబడి అంటే గజాల లెక్క. ఎన్జీవోస్ కాలనీలో రిటైరైన ఏ పెద్దమనిషిని కదిపినా, ఏ వీధిలో ఎప్పుడు గజం ఎంత పలికిందో నోటిలెక్కగా చెప్పేస్తారు. స్థలం తర్వాత బంగారం, దాని తర్వాత చిట్టీలు, బ్యాంకు డిపాజిట్లు. ఈ వరసలోకి కొన్నేళ్లుగా పాత బండి కూడా మెల్లగా దూరుతోంది. హైవే మీద లారీ బాడీలు కట్టే ఆటోనగర్ షెడ్ల దగ్గర అప్పుడప్పుడూ ఒక కుర్రాడు ఆగి, “అన్నా, ఆర్ఎక్స్ హండ్రెడ్ ఏమన్నా ఉన్నదా? సింగిల్ హ్యాండ్, ఒరిజినల్ పెయింట్ కావాలె” అంటాడు. నడపడానికా అంటే కాదంటాడు. కొని దాచిపెడతాడట, పదేళ్లకు రెట్టింపవుతుందట.

ఆ ఆశ ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే అమెరికా వేలంపాటల వైపు చూడాలి. మామూలు కారులో పెద్ద వీ8 ఇంజన్ కుక్కి, తిన్నటి రోడ్డు మీద రయ్యిమని దూసుకుపోయేలా చేసిన బండ్లను అక్కడ మజిల్ కార్లంటారు. 1964 పాంటియాక్ జీటీవోతో ఆ మోజు ఊపందుకుంది. పదేళ్లు తిరక్కుండానే చల్లబడింది. ఆ పదేళ్లలో వచ్చిన బండ్లే ఇవాళ కోట్లు పలుకుతున్నాయి. వాటి చరిత్ర తిరగేస్తే ఒక తమాషా కనిపిస్తుంది. ఎక్కువ ధర పలికే బండి దాదాపు ప్రతిసారీ కొత్తగా ఉన్నప్పుడు జనానికి అక్కర్లేని బండే.

పదకొండే అమ్ముడుపోయాయి

1971లో ప్లిమత్ కంపెనీ తన ‘కుడా’ (బారకుడా) కారుకు టాపు తీసేసే వీలు కల్పించి, 426 క్యూబిక్ అంగుళాల హెమీ ఇంజన్ పెట్టింది. ఏడాది మొత్తమ్మీద తయారైనవి పదకొండు. కంపెనీ కావాలని తక్కువ చేయలేదు, అడిగినవాళ్లు లేక అంతటితో ఆగింది. ఇంజన్‌కే విడిగా బోలెడు డబ్బు కట్టాలి. పైగా కుర్రాళ్ల చేతిలో ఇలాంటి కార్లు పెడితే బీమా కంపెనీలు ప్రీమియం చెవులు పిండి వసూలు చేసేవి. పొగ మీద కొత్త చట్టాలు, ఆ తర్వాత 1973 చమురు సంక్షోభం వచ్చి ఆ కథ ముగిసింది.

ఆ పదకొండింటిలో ఒకటి 2014 జూన్‌లో సియాటిల్‌లో మీకమ్ సంస్థ వేలంలో 35 లక్షల డాలర్లకు పోయింది. అప్పటి మారకంలో ఇరవై కోట్ల రూపాయల పైమాటే. 2021లో మరొకటి వేలానికొస్తే పాట 48 లక్షల డాలర్ల దాకా వెళ్లింది, అయినా యజమాని ఇవ్వనన్నాడు. అంత దాకా వచ్చి ఇవ్వకపోవడం ఏమిటని మనకు అనిపిస్తుంది. ఇన్నర్ రింగ్ రోడ్డు పక్కన ప్లాటున్నవాళ్లకు మాత్రం ఆయన బాధ వెంటనే అర్థమవుతుంది.

వెనక్కి పంపిన కారు

1969 షెవర్లే కమారో జెడ్ఎల్1 కథ ఇంకా విచిత్రం. పూర్తిగా అల్యూమినియంతో పోసిన 427 ఇంజన్ దానిది, రేసుల కోసం చేసినది. ఇలినాయ్ రాష్ట్రంలో ఫ్రెడ్ గిబ్ అనే డీలరు ఉత్సాహంగా యాభై కార్లు రాయించుకున్నాడు. తీరా బిల్లు వచ్చేసరికి కారు ఒక్కొక్కటి ఏడు వేల డాలర్లు దాటింది. ఇంజన్ ఖరీదే నాలుగు వేల పైన. ఆ ధరకు కొనేవాళ్లెవరు? పదమూడు ఉంచుకుని మిగతా ముప్ఫై ఏడూ వెనక్కి పంపాడు. మొత్తం తయారైనవి అరవై తొమ్మిది. ఇవాళ అవి సంగ్రాహకులు ఎగబడి వెతికే కార్లు.

ప్లిమత్ సూపర్‌బర్డ్‌కైతే డిక్కీ మీద ఎత్తయిన రెక్క ఉండేది. 1970లో నాస్కార్ పోటీల నిబంధన కోసం దాదాపు రెండు వేలు చేశారు. దాని అన్న లాంటి డాడ్జ్ చార్జర్ డేటోనాలో బడ్డీ బేకర్ 1970 మార్చి 24న తలడేగా ట్రాక్ మీద గంటకు 200 మైళ్లు దాటాడు. ఆ ట్రాక్ మీద అంతటి వేగం అదే మొదలు. కానీ షోరూంలో జనం సూపర్‌బర్డ్‌ను చూసి నవ్వుకున్నారు. కొందరు డీలర్లు రెక్క పీకేసి, మూతి మార్చి, మామూలు రోడ్ రన్నర్‌గా అమ్ముకున్నారు. పీకేసిన ఆ రెక్క ఇప్పుడు దొరికితే దానికీ ఒక ధర ఉంది.

ఆరు వేల డాలర్ల ముస్టాంగ్

మజిల్ కారు మీద పెట్టుబడి అనగానే అందరూ చూపించే ఉదాహరణ ‘బుల్లిట్’ సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన 1968 ఫోర్డ్ ముస్టాంగ్. 1974లో రాబర్ట్ కీర్నన్ అనే ఆయన ఆరు వేల డాలర్లకు కొన్నాడు. ఆయన భార్య దానిలోనే బడికి పాఠాలు చెప్పడానికి వెళ్లేది. 1977లో మెక్వీనే స్వయంగా ఉత్తరం రాసి తిరిగి ఇమ్మని అడిగితే ఇవ్వలేదు. 1980లో క్లచ్ పోయాక బండి మూల పడింది. 2020 జనవరి 10న వేలంలో కమిషన్‌తో కలిపి 37 లక్షల 40 వేల డాలర్లు పలికింది.

ఆరు వందల రెట్ల పైన! ఇక్కడ కాస్త ఆగి లెక్క చూడాలి. నలభై ఆరేళ్లకు చక్రవడ్డీ కడితే ఇది ఏడాదికి సుమారు పదిహేను శాతం. గొప్ప రాబడే, కాదనలేం. కానీ ఇది సినిమాతో పేరు తెచ్చుకున్న కారు, కొన్న కుటుంబం దాన్ని పెట్టుబడని అనుకోనూ లేదు. అంత పేరున్న కారుకే పదిహేను శాతమైతే, పేరులేని లక్షల కార్ల సంగతి వేరే చెప్పాలా.

పెట్టుబడి అనుకునే కొన్నవాళ్ల కథ వేరు. 2006లో 1970 మోడల్ హెమీ కుడా కన్వర్టిబుల్ ఒకటి బారెట్-జాక్సన్ వేలంలో 21 లక్షల 60 వేల డాలర్లు పలికింది. ఆ వార్త చూసి తామూ కొని దాచుకుందామని ఎగబడినవాళ్లకు 2008 ఆర్థిక సంక్షోభం ఎదురైంది. ఎగబడి కొన్న ధరలు బాగా దిగాయి, అమ్ముదామంటే కొనేవాడు లేడు.

దాచుకుంటే పెరుగుతుందన్న ఆశ ఇప్పటి బండి దగ్గరా ఉంది. డాడ్జ్ కంపెనీ తన వీ8 కార్లకు వీడ్కోలుగా చాలెంజర్ డీమన్ 170 తెచ్చింది. 1,025 హార్స్‌పవర్, సున్నా నుంచి అరవై మైళ్లకు 1.66 సెకన్లు, క్వార్టర్ మైలుకు 8.91 సెకన్లు. అంత వేగం కనుక మామూలు స్ట్రిప్ రేసులకు తగిన రక్షణ సరంజామా లేదంటూ అమెరికా డ్రాగ్ రేసుల సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ దాన్ని నిషేధించింది. 2023 డిసెంబరు 22న కెనడాలోని బ్రాంప్టన్ కర్మాగారంలో చివరిది బయటికొచ్చింది.  అరుదైనదని కంపెనీ ముందే చెప్పి అమ్మిన బండిని కొన్నవాళ్లందరూ షెడ్డులో దాచుకుంటే, యాభై ఏళ్ల తర్వాత అన్నీ కొత్తవిలాగే బయటికొస్తాయి. అప్పుడిక అరుదు ఎక్కడుంటుంది? 1969 నాటి కుర్రాళ్లు నడిపి, గుద్ది, తుక్కుకిచ్చేశారు కనుకే మిగిలినవి అరుదయ్యాయి.

అసలు అమ్మకానికే పెట్టని కారుకు మాత్రం హద్దుల్లేవు. మెర్సిడెస్ 1955లో రెండే చేసిన 300 ఎస్ఎల్ఆర్ ఊలెన్‌హాట్ కూపేల్లో ఒకదాన్ని 2022 మే 5న 13 కోట్ల 50 లక్షల యూరోలకు ఇచ్చింది. మన లెక్కలో వెయ్యి కోట్లు దాటింది. వేలంలో కారుకు పలికిన అతిపెద్ద ధర ఇదే.

మన మజిల్ కారు

మనకూ ఒక మజిల్ కారు ఉండేదండీ, కనీసం చూపుకి. 1984లో హిందుస్థాన్ మోటార్స్ తెచ్చిన కాంటెస్సా. పొడవాటి బానెట్టు, చదునైన మూతి, బ్రిటన్ వాక్స్‌హాల్ విక్టర్ నుంచి వచ్చిన రూపం. తెలుగు సినిమాలో స్మగ్లర్ దిగాలంటే కాంటెస్సాలోంచే దిగాలి. అయితే మొదట్లో దానిలో ఉన్నది అంబాసిడర్ ఇంజనే, యాభై హార్స్‌పవర్. హీరో స్కూటర్ మీద వెంబడించి పట్టుకున్నా నమ్మొచ్చు. తర్వాత ఇసుజు 1.8 ఇంజన్ వచ్చి కాస్త ఊపిరి పోసింది. 2002లో ఆపేశారు. ఇవాళ బాగున్న కాంటెస్సాకు వెతికే గుంపు ఉంది, డబ్బు కోసం మాత్రం కాదు.

అసలైన మజిల్ కారు కంపెనీ గ్యారంటీతో మన దేశానికి వచ్చింది 2016లో. ఫోర్డ్ ముస్టాంగ్ జీటీ, 5 లీటర్ల వీ8, షోరూం ధర 65 లక్షలు. కుడివైపు స్టీరింగుతో ఫ్యాక్టరీలోనే తయారవడం ముస్టాంగ్‌కు ఆ తరంలోనే మొదలు. 2020లో బీఎస్6 నిబంధనలతో అది ఆగింది, 2021లో ఫోర్డ్ ఇక్కడ కార్లు చేయడమే ఆపేసింది. కాబట్టి ఇక్కడున్నవి ఎప్పటికీ అన్నే. దానికి సామాన్లు ఎక్కడ దొరుకుతాయన్నది మరో ప్రశ్న.

హైదరాబాదుకు వింత కార్లు కొత్త కాదు.  ఆరో నిజాం ఆర్డరిచ్చి, అందుకోకుండానే 1911లో కన్నుమూస్తే, ఏడో నిజాం చేతికొచ్చిన పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు వెనక సింహాసనం లాంటి సీటుంది. వేడుకలకు తప్ప తీసేవారు కాదు, అందుకే అది తిరిగిన మైళ్లు బహు తక్కువ. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు. బహదూర్‌పురాలో సుధాకర్ గారి సుధా కార్స్ మ్యూజియంలోనైతే అన్నీ తుక్కు సామానుతో చేసిన కార్లు. ఆయన 2005లో నడిపిన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు ట్రైసైకిల్ గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

నంబరు మాత్రమే

బండి కాదు, దాని నంబరు కొనేవాళ్లు కూడా మన ఊళ్లో ఉన్నారు. 2021లో జూనియర్ ఎన్టీఆర్ తన లాంబోర్గినీ ఊరుస్ కోసం టీఎస్09 ఎఫ్ఎస్ 9999ను 17 లక్షలకు పాడుకున్నారు. 2024 మేలో కొత్త సిరీస్‌లో టీజీ09 9999 ఖైరతాబాద్‌లో 25,50,002 రూపాయలు పలికింది. చివరి రెండు రూపాయలు వేసినవాడి ఆలోచనను మెచ్చుకోవాలి. దుబాయ్‌లో 2023 ఏప్రిల్‌లో ‘పీ 7’ అనే నంబరుకు 5 కోట్ల 50 లక్షల దిర్హాంలు ఇచ్చారు. నూటిరవై కోట్ల రూపాయల దాకా!

ఆర్ఎక్స్ హండ్రెడ్ లెక్క

ఆటోనగర్ కుర్రాడి దగ్గరికి వద్దాం. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన యమహా ఆర్ఎక్స్ 100, 98 సీసీ టూ స్ట్రోక్, పదకొండు గుర్రాల బలం. దీని పేరుతో 2018లో తెలుగు సినిమా కూడా వచ్చింది. మొదట్లో ఇరవై వేల దరిదాపుల్లో ఉన్న బండికి ఇప్పుడు బాగుంటే లక్షా ఇరవై వేలు అడుగుతున్నారనుకుందాం. నలభై ఏళ్లలో ఆరు రెట్లు. ఏడాదికి నాలుగున్నర శాతం వడ్డీ. స్టేట్ బ్యాంకు అంతకంటే ఎక్కువే ఇచ్చింది, పైగా బ్యాంకు డిపాజిట్‌కు కార్బ్యురేటర్ ఉండదు. పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలుస్తున్న ఈ రోజుల్లో పాత బండి రబ్బరు సీళ్లు తొందరగా చెడతాయి, నిలవుంచితే ఇంకా తొందరగా.

రాజ్‌దూత్ 350 రాబడి మాత్రం మెరుగు. యమహా ఆర్‌డీ350కు మన రూపం, 1983లో ఎస్కార్ట్స్ తెచ్చింది. జంట సిలిండర్లు, ముప్ఫై గుర్రాల బలం. మైలేజీ లేదని, ఖరీదెక్కువని అప్పట్లో కొన్నవాళ్లు తక్కువ. ఇప్పుడు పూర్తిగా బాగు చేసినదానికి నాలుగైదు లక్షలు అడుగుతారు. అమ్ముడుపోని బండి సూత్రం ఇక్కడా వర్తించింది చూశారా.

కొనేముందు చూడాల్సింది రంగు కాదు, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో కలుస్తున్నాయా అన్నది. పంచింగ్ మీద గ్రైండర్ గీతలుంటే వచ్చిన దారినే వెళ్లిపోవడం మంచిది. అమెరికాలోనూ మామూలు బారకుడాలో హెమీ ఇంజన్ పెట్టి అంటగట్టే మాయగాళ్లు బోలెడు. దాచే చోటు కూడా చూసుకోవాలి. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ దగ్గర ఒక్కరోజే 32 సెంటీమీటర్లు దాటి వాన పడింది. ఆ వారం ఎల్బీనగర్, వనస్థలిపురం వైపు కాలనీల్లో సెల్లార్లు చెరువులై కార్లు తేలాయి.

అమ్మేటప్పుడు ఒక ఊరట ఉంది. సొంత వాడకానికి కొన్న కారు ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో పెట్టుబడి ఆస్తి కాదు, కనుక లాభమొచ్చినా మూలధన పన్ను ఉండదు. అయితే పదిహేనేళ్లు నిండాక అయిదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్. ఇరవై ఏళ్లు దాటిన కారుకు పది వేలు, బైకుకు రెండు వేలు కట్టాలి. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం యాభై ఏళ్లు దాటి, మూలరూపం చెడని బండికి ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్ నంబరు దొరుకుతుంది. ఇరవై వేల రుసుము, పదేళ్ల గడువు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించడానికి, మరమ్మతులకు, ఇలాంటి పనులకు తప్ప రోడ్డెక్కకూడదు. 1985లో కొన్న ఆర్ఎక్స్ 100కు ఆ యోగం పట్టేది 2035లో.