ముఖము మీద వెలుగు

ఇంటిలో పెద్దవారు గతించిన పిమ్మట గోడకు తగిలించు పటము కొరకు వెదకులాట మొదలగును. పెండ్లినాటి గుంపు ఫొటోలో వారి ముఖము వెనుకవరుసలో ఎక్కడనో ఉండును. చివరకు ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించి పూలదండ వేయుదురు. ఎదురుగా కొట్టిన వెలుగులో వెలవెలబోయిన ఆ ముఖమే మనుమలకు తాతగారి ముఖముగా మిగిలిపోవును. ఇంటింట కెమెరా గల ఫోనున్న ఈ దినములలో ఇట్లు జరుగుట మాకు విచారకరముగా తోచుచున్నది. మంచి పటమునకు ఖరీదైన యంత్రము అక్కరలేదు. వెలుగు ఎటునుండి వచ్చుచున్నదో చూచుకొనిన చాలును.

మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలిచినవాని నీడ కత్తితో కోసినట్లుండును. మబ్బు క్రమ్మినంతనే ఆ నీడ అంచులు కరగిపోవును. సూర్యుడు మారలేదు, కాని మబ్బు పట్టినప్పుడు ఆకాశమంతయు దీపమైనది. వెలుగునిచ్చు వస్తువు ముఖమునకు ఎంత పెద్దదిగా కనబడునో నీడలు అంత మెత్తనగును. కెమెరాకు అంటియున్న ఫ్లాష్ అగ్గిపెట్టెకు మించనిది. అది కటకము ప్రక్కనుండియే వెలుగును చిమ్ముటచే ముక్కు, చెక్కిళ్లు, గడ్డము అన్నియు ఒక్క సమతలమున అతికించినట్లగును. నుదుట చెమట మెరయును. వెనుకగోడపై నల్లని నీడ అంటుకొనును.

కిటికీకి ఈ విద్యతో గల చుట్టరికము పాతది. ఇంగ్లండులో టాల్బట్ 1835లో కాగితముపై నిలిపిన మొదటి చిత్రములలో ఒకటి ఆయన ఇంటి కిటికీయే. విద్యుద్దీపములు రాకపూర్వము స్టూడియోలకు గాజుపలకల కప్పులు వేసి, ఉత్తరపు వెలుగును తెరలతో దిద్దుకొనెడివారు. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పినది ఆ కాలముననే.

ఉత్తరపు కిటికీయే శ్రేష్ఠమని పుస్తకములలో వ్రాయుదురు. అది చలిదేశముల మాట. మనకు మార్చి చివరనుండి సెప్టెంబరు చివరవరకు సూర్యుడు తూర్పునకు కొంత ఉత్తరముగా ఉదయించి, అట్లే పడమటికి ఉత్తరముగా అస్తమించును. హైదరాబాదులో మే రెండవ వారము మొదలు ఆగస్టు మొదటి వారము వరకు నడిమధ్యాహ్నము సైతము ఉత్తరపు వైపుననే ఉండును. కనుక దిక్కును నమ్ముకొనక, ఎండ నేరుగా పడని కిటికీని ఆ పూటకు ఏరుకొనవలెను. వేరు దారి లేక ఎండపడు కిటికీయే దొరకినచో పలుచని తెల్లగుడ్డ కట్టిన సరి. ఎండ నేరుగా పడనంతవరకు ఊచల నీడ గూర్చి భయములేదు.

కూర్చుండబెట్టుట ఎట్లు? కిటికీకి వీపు పెట్టినచో ముఖము చీకటి. పూర్తిగా ఎదురు పెట్టినచో ముఖము చదును. కిటికీ ఒక ప్రక్కగా, కొంచెము ముందుగా ఉండునట్లు కూర్చుండబెట్టి, ముఖమును వెలుగువైపు మెల్లగా త్రిప్పుమనవలెను. ముక్కునీడ చెక్కిలిపై చిన్నదిగా వాలును. రెండు కన్నులలోను కిటికీ చుక్కవలె మెరయును. ఆ చుక్క లేని కన్ను జీవము లేనట్లుండును. ఆవలి చెంప మరీ నల్లబడినచో అటువైపు ఒక తెల్లని పంచెను కుర్చీపై పరచి దగ్గరకు జరుపుడు. అంగడిలో అమ్ము ప్రతిఫలకములు చేయు పని ఇంతియే. గదిలోని బల్బును ఆర్పివేయవలెను. లేనిచో ముఖము ఒక ప్రక్క నీలము, ఒక ప్రక్క పసుపు తిరుగును.

దూరము సంగతి మరువరాదు. చిన్నకిటికీ నుండి ఒక మీటరు దూరమున నున్నవారిని రెండు మీటర్లకు జరిపినచో వెలుగు సుమారు నాలుగవ వంతునకు పడిపోవును. అంతేకాక కిటికీ చిన్నదిగా కనబడుటచే నీడలు కరకుబారును.

మన పాత ఇండ్లకు కిటికీలు చిన్నవని కొందరందురు. నిజమే. కాని వీధి వాకిలి ఉన్నదిగదా! గడప లోపల ఒక మూర దూరమున పీట వేసి, వీధివైపు ఓరగా కూర్చుండబెట్టినచో ఆరడుగుల కిటికీ దొరకినట్లే. గోదావరి జిల్లాల మండువా లోగిలి ఈ పనికే కట్టినట్లుండును. నడుమ నిలువరాదు, నడినెత్తి వెలుగుకు కనుగుంటలు చీకటిపడును. చూరు క్రింద కూర్చుండిన ఆకాశపు వెలుగు ఓరగా వచ్చి ముఖమును తాకును. ఇంతకు మించిన స్టూడియోను మేము ఎరుగము.

ఇక శరీరచ్ఛాయ గూర్చి ఒక మాట చెప్పకతప్పదు. నల్లనివారికి ఫొటో పడదని మనవారనుట కలదు. పెండ్లిచూపులకై తీయు పటములలో పిల్ల ముఖమునకు పౌడరు దట్టించి, ఫ్లాష్ కొట్టి, అంతటితో ఆగక యంత్రములో తెల్లబరచి పంపుట నేటికిని జరుగుచున్నది. ఇది ఆ పిల్లకు అవమానమని మా అభిప్రాయము. దోషము చాలవరకు సాధనములది. ఇరువదవ శతాబ్దమున కోడాక్ సంస్థ వర్ణచిత్రముల రంగు సరిచూచుటకు లేబరేటరీలకు పంపిన నమూనాకార్డుల మీద చాలకాలము తెల్లజాతి స్త్రీయే ఉండెను. నల్లని చర్మము రూపము కట్టునది దానిపై వెలుగు మెరయు తీరులో. చిన్నదీపము ఆ మెరపును చమురుచుక్కలవలె చేయును. పెద్దకిటికీ దానిని చెక్కిలి వంపు వెంబడి పరచును. కెమెరా తన లెక్కలో సగటు బూడిదరంగునే ఎరుగును. తెల్లచొక్కా, తెల్లగోడ కనబడగానే వెలుగు ఎక్కువైనదని భ్రమించి ముఖమును నల్లబరచును. ఫోనులోనైనచో తెరపై ముఖమును వ్రేలితో తాకి, ప్రకాశమును ముఖమునకు సరిపోవునట్లు దిద్దుకొనవలెను. గోడ కొంత తెల్లబోయినను బాధలేదు.

రాత్రివేళ కిటికీ లేదు. అప్పుడు ఫ్లాష్‌తో కిటికీని కల్పించుకొనవలెను. 1887లో జర్మనీలో మెగ్నీషియం పొడిని భగ్గుమనిపించుటతో ఆరంభమైన ఈ ఫ్లాష్ నేడు తల త్రిప్పగల చిన్న పెట్టెయైనది. తలను మనిషివైపుగాక తెల్లని కప్పువైపో గోడవైపో త్రిప్పినచో అచ్చట పడిన వెలుగు పరచుకొని తిరిగివచ్చును. ఆ గోడయే దీపమగును. ఇందుకు సుంకము చెల్లింపక తప్పదు. గైడ్ నంబరు 36 గల ఫ్లాష్‌కు ఐ.ఎస్.ఓ. 100 వద్ద రెండు మీటర్ల దూరమున నేరుగా ఎఫ్ 18 సరిపోవును. మూడు మీటర్ల ఎత్తు కప్పునకు తగిలివచ్చు త్రోవ సుమారు నాలుగు మీటర్లు. అనగా ఎఫ్ 9. సున్నము త్రాగివేయునది, చెదరిపోవునది కలిసి మరి రెండు మెట్లు తగ్గించినచో ఎఫ్ 4.5 మిగులును. ఐ.ఎస్.ఓ.ను 400కు పెంచినచో తిరిగి ఎఫ్ 9 దక్కును.

కప్పు నడినెత్తిన ఉన్నచో కనుగుంటల చీకటి మరల వచ్చును. కావున ఫ్లాష్‌ను మనిషికి ఒక ప్రక్కనున్న గోడ పైభాగమునకు గురిచేయుట మేలు. వెలుగు కిటికీనుండి వచ్చినట్లే పడును. గోడ తెల్లనిదై యుండవలెను సుమా! ఆకుపచ్చ గోడకు తగిలిన వెలుగు ముఖమునకు పచ్చకామెర్లు తెచ్చును. పెంకుటిండ్లలో దూలములకు కొట్టిన వెలుగు తిరిగిరాదు. అచ్చట దండెము మీద దుప్పటి కట్టి దానికి కొట్టుడు. ఫోను దీపము తల త్రిప్పదు కనుక దానిని ఆర్పియుంచుటే మంచిది.

కళ్లజోడు గల వృద్ధులను జోడు తీయుమని అడుగకుడు. జోడు లేని తాతగారిని మనుమలు గుర్తింపరు. జోడు కాడలను చెవులపై కొంచెము పైకెత్తినచో అద్దములు క్రిందికి వాలి కిటికీ తెలుపు తొలగిపోవును.