జీతం ఆగితే తిట్లు ఎవరికి పడుతున్నాయి?

కువైట్‌లో రాత్రి తొమ్మిదైతే మన ఊళ్లో పదకొండున్నర. ఇంటి పనిలో ఉన్న అక్కకి వంటగది కడిగి, ఫోను చేతికి వచ్చేది ఆ టైముకే. అప్పటికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. పోనీ సెలవు రోజు మాట్లాడదామంటే మనకు శుక్రవారం, వాళ్లకు ఆదివారం. మన శుక్రవారం వాళ్లు బడిలో ఉంటారు, వాళ్ల ఆదివారం మనం సైటులో ఉంటాం. ఇక మిగిలేది ఏదో పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఏం మాట్లాడుతున్నామో ఒకసారి గుర్తు చేసుకోండి.

మార్కులెన్ని, ఫీజు కట్టారా, మీకోసమే ఇక్కడ ఎండలో చస్తున్నా. క్యాంపుల్లో, రూముల్లో తిరిగేటప్పుడు నాకు ఎక్కువగా వినబడేవి ఇవే. ఇలా మాట్లాడేవాళ్లు చెడ్డ తండ్రులేం కాదు. జీతం టైముకి పడిన వారం అదే మనిషి కొడుకుతో నవ్వుతూ క్రికెట్ కబుర్లు చెప్తాడు. రెండు నెలలు ఆగిందంటే గొంతు మారిపోతుంది.

దీని మీద పెద్ద పరిశోధనే జరిగింది. అమెరికాలో అయోవా అనే రాష్ట్రంలో 1980లలో రైతులు అప్పులపాలై పొలాలు పోగొట్టుకున్నారు. 1989 నుంచి రాండ్ కాంగర్, గ్లెన్ ఎల్డర్ అనే పరిశోధకులు అక్కడ 451 కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించారు. డబ్బు ఇబ్బంది ముందు అమ్మానాన్నల మనసును పాడు చేస్తుంది, ఇద్దరి మధ్య గొడవలు పెరుగుతాయి, అక్కడి నుంచి అది పిల్లల మీదికి దిగుతుంది అని వాళ్లు తేల్చారు. అరుపులు, విసుక్కోవడం, లేదంటే అసలు పట్టించుకోకపోవడం. అయోవా రైతుకీ జగిత్యాల మేస్త్రీకీ ఏం సంబంధం అంటారా? అప్పు ఎక్కడైనా అప్పే కదా.

నేను బీకాం చదివినవాణ్ణి, లెక్క వేసి చెప్తాను. ఏజెంటుకి కట్టడానికి 2 లక్షలు, నూటికి 2 రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకి వడ్డీయే 4,000. రెండు నెలలు జీతం రాకపోతే వడ్డీ 8,000 పేరుకుంటుంది, అసలులో ఒక్క రూపాయి తగ్గదు. అప్పిచ్చినాయన మన క్యాంపుకి రాడు, ఇంటికి వెళ్తాడు. వాకిట్లో నిలబడి నాలుగు మాటలంటాడు. ఆ మాటలు పడిన ఇల్లాలు ఆ సాయంత్రం పిల్లాడు గ్లాసు పగలగొడితే వీపు మీద ఒక్కటి వేస్తుంది. మనం ఇక్కడి నుంచి ఫోన్ చేసి, పిల్లల్ని అదుపులో పెట్టుకోలేవా అని మళ్లీ ఆమెనే అంటాం.

అమ్మే ఇక్కడికొచ్చిన ఇళ్లలో కథ ఇంకోలా ఉంటుంది. కడప, రాజంపేట వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లు చాలామంది పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చారు. కూతురు అప్పగించిన పిల్లలకు ఏమైనా అయితే ఏం జవాబు చెప్పాలి అని ముసలామెకు భయం. అందుకని గడప దాటనివ్వదు. లేదా తల్లి దగ్గర లేదని జాలిపడి అడిగిందల్లా ఇస్తుంది. ఇటు తల్లి యజమాని బిడ్డను రోజంతా ఎత్తుకుని తిరుగుతుంది, సొంత బిడ్డ వీడియో కాల్లోకి రానంటే పెద్ద ఫోను కొనిచ్చి సరిపెట్టుకుంటుంది. ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఫోను కంటే, అదే టైముకి రోజూ వచ్చే కాల్ పిల్లకు ఎక్కువ ధైర్యం ఇస్తుందని నా నమ్మకం. రాత్రి కుదరకపోతే పొద్దున ఐదింటికి ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి. ఊళ్లో అప్పుడు ఏడున్నర, జడ వేసుకుంటూ వింటుంది. మార్కుల సంగతి అందులో వద్దు. జీతం ఆగిన విషయం మాత్రం ఇంట్లో పెద్దవాళ్లకు దాచకండి. దాస్తే వాళ్లు మన కోపానికి వేరే కారణాలు ఊహించుకుంటారు.

అయితే ఓర్పు ఒక్కటే చాలదు, మూలం జీతంలో, సెలవులో ఉంది. ఇంటి పని వాళ్లకు ఇక్కడ 2015 నాటి 68వ నంబరు చట్టం ఉంది. రోజుకి 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలి. జీతం నెలాఖరుకి ఇవ్వాలి, ఆలస్యమైతే నెలకి 10 దీనార్లు అదనం. మీ ఇష్టం లేకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. వారం సెలవు ఆదివారం ఇస్తారేమో ఇంటివాళ్లను అడిగి చూడండి, అడిగితే పోయేదేం లేదు. కంపెనీల్లో చేసే అన్నలకు 2010 నాటి 6వ నంబరు చట్టం. జీతం గడువు దాటి ఏడు రోజులకు మించి ఆపకూడదని అందులో ఉంది.

ఫిర్యాదు మాన్‌పవర్ అథారిటీలో ఇవ్వాలి, మన ఎంబసీలో కూడా చెప్పుకోవచ్చు. ఫిర్యాదు పెట్టకుండా పని వదిలి వెళ్లకండి, పారిపోయారని కేసు రాయించే ప్రమాదం ఉంది. కొడుతున్నారు, ప్రాణభయం ఉంది అంటే మాత్రం ఆగొద్దు, 112కి ఫోన్ చేయండి. మామూలు జీతం గొడవైతే రెండో నెల నిండేదాకా చూడకుండా మొదటి నెలలోనే మా వాలంటీర్లను కలవండి. సివిల్ ఐడీ, కాంట్రాక్టు కాపీ, బ్యాంకు మెసేజీలు తెచ్చుకోండి. అరబీలో కాగితం మేం రాసిపెడతాం.